అరబ్బుల అప్పగింతల పాట

మా ఆయన ఇశ్రాయేలు కోనసీమలో ఎంతమంది ఆడపిల్లల్ని ఏడిపించారో లెక్కలేదు. కంగారుపడకండి, ఆయన బ్యాండు మాస్టరు. రాజోలు నుంచి కొత్తపేట దాకా, ఇటు మురమళ్ళ దాకా, కాస్త ఉన్నవాళ్ళింట్లో పెళ్ళంటే మా హోసన్నా బ్రాస్ బ్యాండు ఉండాల్సిందే. ఊరేగింపులో సినిమా పాటలు అందరూ వాయిస్తారు. మా ఆయన్ని పిలిచేది అందుకు కాదు. తెల్లారాక పిల్లని కారెక్కించే వేళ, అప్పగింతలప్పుడు, ఆయన క్లారినెట్టు మీద ఒక పాట వాయించేవారు. అది మొదలైతే పెళ్ళికూతురూ వాళ్ళమ్మా ఏడవడం సరే, వంటవాళ్ళు గరిటెలు పక్కన పెట్టి ఏడ్చేవారు. అంబాజీపేటలో ఒకసారి వీడియో తీసే అతను వెక్కివెక్కి ఏడ్చి, కెమెరా వణికించి, పెళ్ళివాళ్ళ చేత చీవాట్లు తిన్నాడు.

అది ఏ సినిమాలో పాటని ఎవరైనా అడిగితే మా ఆయన మీసం దువ్వుకుని, "సినిమాది కాదండి. అరబ్బుల దేశంలో ఆడపిల్లని సాగనంపేటప్పుడు వాయిస్తారండి, ఆయ్" అనేవారు. ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పారంటారా? ఎవరూ చెప్పలేదు. ఆయనకి అలా అనిపించింది, అనేశారు. పదిమంది నోట పడేసరికి ఆయనే నమ్మేశారు.

నేను మెర్సీని. ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మని. పగలు పిల్లలకి ఎక్కాలు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి పదకొండు ఎర్రకోట్లు ఇస్త్రీ చేయడం నా రాత. కోపమొచ్చిన చోట దాచుకోవడం నాకు చేతకాదు, అది ముందే చెబుతున్నాను.

తొంభై మూడులో మా ఆడపడుచు పాపాయమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. పెళ్ళయిన మూడో ఏడే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పుట్టింటికొచ్చి కూర్చుంటే పేటలో ప్రతివాళ్ళకీ జాలే. ఆ జాలి భరించలేక, "అన్నయ్యా, నన్నెక్కడికైనా పంపించెయ్యి" అని తనే అడిగింది. మా ఆయన ఏజెంటుతో మాట్లాడి, పాస్‌పోర్టు చేయించి, రాజమండ్రిలో బొంబాయి రైలెక్కించి వచ్చారు. వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"ఊళ్ళో పిల్లలందర్నీ మేళం పెట్టి సాగనంపుతాను కదే మెర్సీ. నా చెల్లిని మాత్రం చేతికో సంచీ ఇచ్చి, మూగగా పంపేసేను. ఏ ఇంట్లో ఎన్ని మాటలు పడుతుందో" అన్నారు.

"తనే కదండీ వెళ్తానంది?"

"అదలాగే అంటుంది. నేను వద్దనాలి కదా? ఒక్కసారైనా అనలేదే నేను."

నిజమే, అనలేదు. ఆ బాధ ఆయన మనసులో అలాగే ఉండిపోయింది.

ఆ రోజుల్లో మా వైపు గల్ఫు నుంచి ఉత్తరాలంటే క్యాసెట్లే. రాయడం రానివాళ్ళు, వచ్చినా మనసులో మాట కాగితం మీద పెట్టలేనివాళ్ళు టేప్ రికార్డరు ముందు కూర్చుని కబుర్లన్నీ చెప్పి, సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిచ్చేవారు. ఇక్కడ మనం విని, అదే క్యాసెట్టు మీద మన మాటలు పట్టి, తిరిగి వెళ్ళేవాళ్ళకిచ్చేయాలి. వాళ్ళ మాట చెరిగిపోయి మన మాట ఎక్కుతుంది. ఒక్క క్యాసెట్టు అలా నాలుగైదేళ్ళు తిరిగేది.

పాపాయమ్మ మొదటి క్యాసెట్టు వచ్చిన సాయంత్రం ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నాం. మా పేట కరెంటు లైనుకి చిట్టచివర ఉంటుంది. సాయంత్రం ఆరు దాటి ఊళ్ళో లైట్లు, తోటల్లో మోటార్లు అన్నీ వేస్తే మా బల్బులో తీగ ఎర్రగా కనబడేదే తప్ప వెలుగు ఉండేది కాదు. ఫ్యాను తిరుగుతుంటే రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. టేప్ రికార్డరు ఆ కరెంటు మీదే నడిచింది.

"అ...న్న...య్యా... నే...ను... బా...గా...నే... ఉ...న్నా...ను..." అని నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది పాపాయమ్మ గొంతు.

మా అత్తగారు గుండెలు బాదుకున్నారు. "ఓరి నాయనో, నా తల్లి గొంతు చూడండ్రా! ఏడ్చేడ్చి బొంగురుపోయింది!"

మధ్యమధ్యలో "హూ... హూ... హూ..." అని వెక్కిళ్ళు కూడా వినబడ్డాయి. చివర్లో "నీ... కో...సం... ఒ...క... పా...ట..." అని ఆగింది. తరవాత పాట మొదలైంది. ఎవరో మగమనిషి అర్థంకాని భాషలో పాడుతున్నాడు. వెనకాల ట్రంపెట్లు ఈడ్చుకుంటూ మూలుగుతున్నాయి. మా ఆయన మోకాళ్ళ మీదికి వంగి చెవి ఆనించేశారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"చెప్పుకోలేక పాటలో పెట్టి పంపిందే" అన్నారు.

నేను పంతులమ్మనే, నాకూ తట్టలేదు. ఆ మిషనులో మేము అంతవరకు విన్నవన్నీ చర్చి పాటలు. అవి ఎలాగూ సాగదీసి పాడేవే. మనుషులు సాగదీస్తున్నారో మిషను సాగదీస్తోందో ఎవడికి తెలుస్తుంది చెప్పండి!

మూడు సాయంత్రాలు కూర్చుని మా ఆయన ఆ పాటని క్లారినెట్టు మీదికి ఎక్కించారు. నాలుగో రోజు రాజోలు మనిషి ఎవరో కువైట్ వెళ్తున్నాడంటే, ఆ క్యాసెట్టు మీదే మా మాటలు పట్టి ఇచ్చేశాం. పాట చెరిగిపోయింది. ఇక అది ఉన్నది మా ఆయన క్లారినెట్టులోనే.

ఆ మాఘమాసంలో అప్పనపల్లి దగ్గర ఒక పెళ్ళిలో మొదటిసారి వాయించారు. మగపెళ్ళివారి తాతగారు, ఎనభై ఏళ్ళాయన, చేతికర్ర పడేసి పెళ్ళికూతురి తండ్రిని కౌగిలించుకుని బావురుమన్నారు. మర్నాటి నుంచి మా అరుగు మీద అడ్వాన్సులిచ్చేవాళ్ళు చెప్పులు విడిచి కూర్చోవడం మొదలైంది. వేరే బ్యాండువాళ్ళు దొంగచాటుగా వచ్చి విని నేర్చుకున్నారు గానీ, వాళ్ళు వాయిస్తే ఎవరికీ ఏడుపు రాలేదు. రాదు మరి. మా ఆయన వాయించేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. ఆ కారెక్కే పిల్ల ఎవరైనా సరే, ఆయనకి రైలు కిటికీలో పాపాయమ్మే.

మీరడగొచ్చు, ఆ పిల్ల సెలవు మీద రాలేదా అని. వచ్చింది, రెండుసార్లు. ఆ కువైట్ వాళ్ళు ఎండలకి జూలైలో వేరే దేశం పోయి, ఈమెకి అప్పుడే సెలవిచ్చేవారు. జూలై అంటే మనకి ఆషాఢం, పెళ్ళిళ్ళుండవు. శ్రావణం రాకుండానే వెళ్ళిపోయేది. పెళ్ళి లేని ఇంట్లో అప్పగింతల పాట వాయించకూడదని మా ఆయన పట్టింపు. "నేను పంపిన పాట విన్నావా అన్నయ్యా?" అని అడిగితే, "విన్నానమ్మా, ఏడ్చేను" అనేవారు. పరాచికాలనుకుని పాపాయమ్మ పకపకా నవ్వేది. లావెక్కి, నిగనిగలాడుతూ వచ్చిన కూతురిని చూసి కూడా మా అత్తగారు "పైకి అలా ఉంటుంది గానీ లోపల కుమిలిపోతుందే" అనేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక డీజే పెట్టెలు దిగాయి. ఊరేగింపులు వాళ్ళు లాగేసుకున్నారు. అప్పగింతలకి మాత్రం మమ్మల్నే పిలిచేవారు. డీజేకి ఏడిపించడం రాదు కదా! ఆ ఒక్క పాట మీద మా బ్యాండులో పదకొండు కుటుంబాలు బతుకుతున్నాయి. అది పోతే బ్యాండు పోయినట్టే. ఈ సంగతి అందరికీ తెలుసు. పెద్ద డోలు వాయించే గంగయ్యకి అందరికంటే ఎక్కువ తెలుసు, అతనికి నలుగురు పిల్లలు.

రెండు వేల నాలుగు సంక్రాంతి వెళ్ళాక పాపాయమ్మ పూర్తిగా వచ్చేసింది. మాఘంలో మామిడికుదురులో పెళ్ళి ఉంటే, "నీ పాట గురించి కువైట్‌లో కూడా చెప్పుకుంటున్నారన్నయ్యా, నేనూ వస్తాను" అని బయల్దేరింది. నేనూ వెళ్ళాను.

పిల్ల తల్లిని పట్టుకుని వదలట్లేదు. ఆడవాళ్ళందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మా ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. రెండు వరసలు అయ్యాయో లేదో, నా పక్కన పాపాయమ్మ కిసుక్కుమంది. చూశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఇంకో వరసకి ఆ చెయ్యి కూడా ఆపలేకపోయింది. గొల్లుమని నవ్వేసింది!

పెళ్ళికూతురి తల్లి ఏడుపాపేసి ఇటు తిరిగారు. "ఎవరండీ ఆవిడ? మా పిల్ల వెళ్ళిపోతుంటే ఆ నవ్వేంటండీ?"

"దుఃఖం పట్టలేకపోతే ఆవిడకి అలాగే వస్తుందండీ పాపం" అని ఒక అబద్ధమాడి, దాని జబ్బ పట్టుకుని పందిరి అవతలికి ఈడ్చుకుపోయాను. ఒళ్ళు మండిపోయింది నాకు.

పెళ్ళివారితో లెక్కలు చూసుకుని సాయంత్రం ఆరు దాటాక ఇంటికి వచ్చి, మా ఆయన కోటు కూడా విప్పకుండా నిలబడి, "ఏంటే నీకంత నవ్వొచ్చింది?" అన్నారు.

"అన్నయ్యా, అది సల్సా పాట! డాన్సు పాట! అక్కడ మా ఇంట్లో వంటచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి నాకు నేర్పింది. ఇలాగ!" అని చేతులు చరుస్తూ, పాట అందుకుని, మా వాకిట్లో అడుగులు వేసింది. ముందుకో అడుగు, వెనక్కో అడుగు, నడుము అటూ ఇటూ. పాట అదే, మేం పదకొండేళ్ళుగా వింటున్నదే. కానీ మూడింతల వేగం. కోళ్ళు చెదిరిపోయాయి.

"మరి నీ గొంతు? ఆ వెక్కిళ్ళు?" అన్నాను నేను.

"వెక్కిళ్ళేంటి వదినా? నవ్వుతూ మాట్లాడేను. మీ గొంతులే కోడిపిల్లల్లాగ కిచకిచమంటూ వచ్చేవి! అమ్మ ఎంత హుషారుగా ఉందో అనుకునేదాన్ని."

అప్పుడు బల్బు వైపు చూశాను. ఎర్రగా తీగ. మెల్లగా ఫ్యాను. లో వోల్టేజీకి మిషను నెమ్మదించి ఆమె నవ్వుని ఏడుపు చేసింది, అదే నెమ్మది మీద పట్టిన మా ఏడుపుని అక్కడ కిచకిచలు చేసింది. మంచం మీంచి మా అత్తగారు లేచి కూర్చున్నారు. "పదకొండేళ్ళ నుంచి నీకోసం శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తున్నానే, దొంగముండా!" అని చేతికందిన విసనకర్ర విసిరేశారు. నాకు నవ్వాగలేదు. పడీపడీ నవ్వాను.

మా ఆయన నవ్వలేదు. క్లారినెట్టు విప్పి, ముక్కలు పెట్టెలో పెట్టి, పెట్టె అటక మీదికి ఎక్కించేశారు.

"రేపట్నుంచి వాయించను. కోనసీమ మొత్తానికి అబద్ధం చెప్పేను. ఆడపిల్లలు వెళ్ళిపోతుంటే డాన్సు పాట వాయించి ఏడిపించేను. తెలిశాక ఎలా వాయించనే?"

పది రోజులు చెప్పి చూశాను. బతిమాలాను, తిట్టాను. "మానేస్తే మానేయండి, సైకిళ్ళకి గాలి కొట్టుకోండి!" అని కూడా అన్నాను. పెట్టె దించనే లేదు. గంగయ్య రోజూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని, ఏమీ అడగకుండా వెళ్ళిపోయేవాడు. అది చూడలేకపోయాను. కొత్తపేటలో రాంబాబుగారి రెండో అమ్మాయి సౌజన్య పెళ్ళికి ఎప్పుడో అడ్వాన్సు తీసుకుని ఉన్నాం. వాళ్ళ పెద్దమ్మాయి వీరవేణికి కూడా మా బ్యాండే. ఆ ఒక్కదానికైనా వెళ్ళకపోతే పదకొండుమందికీ మళ్ళీ ముఖం ఉండదని, పెట్టె నేనే అటక దించాను.

"వస్తాను. కానీ ఆ పాట వాయించను. రాంబాబుగారితో ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను" అన్నారు. అది వింటే గంగయ్య ముఖం మాడిపోయింది. చెప్పేస్తే కోనసీమలో ఇక పిలిచేదెవరు?

నేనూ పాపాయమ్మా కూడా వెళ్ళాం. పెళ్ళి బాగా జరిగింది. తెల్లారింది. వాకిట్లో పూలకారు సిద్ధంగా ఉంది. తల్లి కాళ్ళకి సౌజన్య దండం పెడుతోంది. రాంబాబుగారు కండువాతో కళ్ళొత్తుకుంటూ, "ఊఁ, మాస్టారూ, కానివ్వండి" అన్నారు.

మా ఆయన ముందుకెళ్ళి చేతులు కట్టుకున్నారు. "బాబుగారండీ, ఆ పాట వాయించలేనండి. అది అప్పగింతల పాట కాదండి. డాన్సు పాటండి. తెలియక చేసేను గానీ, అరబ్బుల పాటని చెప్పింది మాత్రం నేనేనండి. క్షమించండి."

 రాంబాబుగారు కండువా భుజాన వేసుకుని ముందుకొచ్చారు. "అంటే... మా వీరవేణిని డాన్సు పాట వాయించి పంపేరా మీరు?"

"ఆయ్. పంపేనండి."

మా పని అయిపోయిందనుకున్నాను. గంగయ్య డోలు భుజం మీంచి దించేశాడు. అంతలో వీరవేణి, చంకలో పిల్లాడితో అక్కడే ఉంది, "పోనీలెండి నాన్నా. ఆ పాటకి మా మావగారు ఏడ్చేరు. ఆ రోజు నుంచి నన్ను ఒక్క మాట అనలేదు ఆయన" అంది.

సౌజన్య తల ఎత్తింది. పట్టుచీర, నుదుటిన బాసికం, ముక్కంతా ఎర్రగా ఉంది. "మాస్టారూ, రాత్రంతా హోమం పొగకి కళ్ళు మండిపోతున్నాయి. ఇంక ఏడవడం నా వల్ల కాదు. డాన్సు పాటైతే డాన్సు పాటలాగే వాయించండి."

"అలాగెప్పుడూ వాయించలేదమ్మా మేము."

"మా పెళ్ళికి వాయించండి మరి!"

మా ఆయన వెనక్కి చూశారు. బ్యాండువాళ్ళు బిత్తరపోయి ఉన్నారు. అయినా ఆయనే ముందు మొదలుపెట్టారు. క్లారినెట్టు పరిగెడుతోంది, ట్రంపెట్లు దాని వెనకాల పడుతూ లేస్తూ వస్తున్నాయి, గంగయ్య డోలు మాత్రం ఇంకా పాత నడకలోనే ఉంది. పాపాయమ్మకి ఆగలేదు. "అలా కాదు గంగయ్య మావా!" అని మధ్యలోకి దూరి, గింజలు గలగలలాడే రెండు బుర్రలు పక్కవాడి చేతిలోంచి లాక్కుని, గంగయ్య ముఖం ముందు ఆడిస్తూ తాళం చెప్పింది. నాలుగైదుసార్లు తప్పాడు. ఆరోసారి కుదిరింది. కుదిరాక ఇంక ఆగలేదు.

ముందు వంటవాళ్ళు ఊగారు. తరవాత మగపెళ్ళివారి కుర్రాళ్ళు. వీరవేణి పిల్లాడిని ఎగరేసింది. పాపాయమ్మ అడుగులేస్తుంటే సౌజన్య పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని రెండడుగులు వేసి, మొగుడి చెయ్యి కూడా లాగింది. రాంబాబుగారు "ఇదేం చోద్యమండీ!" అంటూనే కండువా గాల్లో తిప్పారు. పిల్ల నవ్వుతూ కారెక్కింది. వాళ్ళమ్మ నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే చెయ్యి ఊపింది. కారు కదలగానే రాంబాబుగారి కొత్త వియ్యంకుడు మా ఆయన దగ్గరికొచ్చి, ఫాల్గుణంలో వాళ్ళ తమ్ముడి కూతురి పెళ్ళి ఉందనీ, ఇదే పాట కావాలనీ అడిగాడు. గంగయ్య నాకంటే ముందే "ఆయ్, వస్తామండీ!" అనేశాడు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఒకటే అల్లరి. కాలవగట్టు వెంట వస్తున్నాం. మా ఆయన చెల్లెలి పక్కన కూర్చున్నారు. అంబాజీపేట దాటాక అడిగారు.

"పాపా, నిజం చెప్పవే. అక్కడ అన్నాళ్ళూ నవ్వుతూనే ఉన్నావా?"

పాపాయమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "ఏడ్చిన రోజులూ ఉన్నాయన్నయ్యా. ఆ రోజుల్లో క్యాసెట్టు పట్టలేదు."



"వెళ్తానన్న రోజు నిన్ను వద్దనాల్సిందే నేను" అన్నారు మా ఆయన.

"వద్దన్నా వెళ్ళేదాన్నే. కానీ ఒక్కసారి అనుంటే బాగుండేది."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు. అంతమంది ముందు, ఎర్రకోటు వేసుకుని, యాభై ఏళ్ళ మనిషి అన్నారు. "వద్దే. ఇంకెక్కడికీ వెళ్ళొద్దు."

"సరే అన్నయ్యా" అంది పాపాయమ్మ.